తప్పు వేళ్ళదా, కీబోర్డుదా?

మొన్న దసరాకి పెన్‌పహాడ్ వెళ్ళినప్పుడు మా బావకీ నాకూ చిన్న యుద్ధం జరిగింది. పొలం గట్టు గొడవ అనుకునేరు, కాదు :) వీడియో గేములో బటన్ ఎప్పుడు నొక్కాలి అన్నదాని మీద!

సంగతేంటంటే, నా ల్యాప్‌టాప్ టీవీకి తగిలించి స్ట్రీట్ ఫైటర్ 6 పెట్టాను. మా కోడలు (బావ కూతురు, రెండో తరగతి) కంట్రోలర్ లాక్కుని ఆడటం మొదలెట్టింది. 2023లో వచ్చిన ఈ ఆటలో 'మోడర్న్' అని ఒక పద్ధతి ఉంది. ఒక బటన్ పట్టుకుని ఇంకోటి వరసగా నొక్కుతూ పోతే చాలు, దెబ్బ వెంట దెబ్బ దానంతటదే పడుతుంది. పిల్ల నొక్కుతోంది, తెర మీద అవతలోడు బంతిలా ఎగురుతున్నాడు. బావ కాసేపు చూసి, "గిదేం ఆటరా బామ్మర్దీ? అది ఊకె ఒత్తుతున్నది, మిషినే కొడుతున్నది. గిండ్ల మన టైమింగ్ యాడున్నది?" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, కొన్నేళ్ళ క్రితం దాకా నాదీ అదే మాట. ఇప్పుడు కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఇదంతా.

ముందు ఈ ఆటలు ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మీరెప్పుడైనా చిర్రగోనె ఆడారా? గుంట మీదున్న చిర్ర కొసని గోనెతో తడితే అది గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉండగానే రెండో దెబ్బ కొట్టాలి. తొందరపడితే గోనె ఖాళీగా పోతుంది, ఆలస్యమైతే చిర్ర కింద పడిపోతుంది. టెక్కెన్‌లో జరిగేది అచ్చం ఇదే. మొదటి దెబ్బతో మనిషిని గాల్లోకి లేపడం, కింద పడేలోపు వరసగా తగిలించడం. ఆ వెంట పడే దెబ్బల వరసనే కాంబో అంటాం. అంతా ఆ రెండో దెబ్బ ఎప్పుడు అన్నదాంట్లోనే ఉంది.

ఆ 'ఎప్పుడు'ని ఈ ఆటలు ఫ్రేముల్లో కొలుస్తాయి. సెకనుకి 60 ఫ్రేములు, అంటే ఒక్కోటి సుమారు 16.7 మిల్లీసెకన్లు. నా దెబ్బ తగిలాక అవతలివాడు తేరుకోడానికి కొంత సమయం, నా చెయ్యి వెనక్కి రావడానికి కొంత సమయం పడుతుంది. అతనికన్నా నేను అయిదు ఫ్రేములు ముందు తేరుకున్నాను అనుకోండి. నా తర్వాతి దెబ్బ నొక్కిన నాలుగో ఫ్రేములో తగిలేదైతే నాకు రెండు ఫ్రేముల వెసులుబాటు ఉంది. అయిదో ఫ్రేములో తగిలేదైతే ఒక్కటే. ఆరో ఫ్రేములో తగిలేదైతే మర్చిపోండి, ఈలోపు ఆయన చెయ్యి అడ్డం పెట్టేస్తాడు. ఇలా ఒక దెబ్బ పూర్తయ్యాక ఇంకోటి అతకడాన్ని లింక్ అంటారు. ఇంకోటి క్యాన్సిల్: మొదటి దెబ్బ తగిలిన క్షణంలోనే, అది పూర్తవకుండా మధ్యలో తెంచి రెండోదాంట్లోకి దూకడం. దెబ్బ తగిలినప్పుడు ఇద్దరూ కొన్ని ఫ్రేముల పాటు బొమ్మల్లా ఆగిపోతారు చూడండి, అది అందం కోసం మాత్రమే కాదు. ఆ ఆగిన వేళలో నొక్కిన బటన్లని ఆట తీసుకుంటుంది కూడా. అందుకే లింక్ కన్నా క్యాన్సిల్ తేలిక.

తమాషా ఏంటంటే, ఈ వ్యవహారమంతా పుట్టింది ఒక పొరపాటులోంచి. 1991లో కాప్‌కామ్ వాళ్ళు స్ట్రీట్ ఫైటర్ 2 చేస్తున్నప్పుడు, కారుని పగలగొట్టే బోనస్ స్టేజీని పరీక్షిస్తుంటే ఒక దెబ్బ వెనక ఇంకో దెబ్బ అదనంగా పడుతోందని ప్రొడ్యూసర్ నొరితకా ఫునమిజు గమనించాడు. ఆ టైమింగ్ అందుకోవడం మామూలు మనుషుల వల్ల కాదులే అనుకుని అలాగే వదిలేశారు. మన భాషలో చెప్పాలంటే టెస్టింగ్‌లో బగ్ దొరికితే 'ఫీచరే లెండి' అని క్లోజ్ చేశారన్నమాట :) ఆ బగ్ మీద ఇవ్వాళ ఒక ఆటల జాతే నిలబడింది.

ఇక మా కథకొస్తా. 2009లో నేను ఏడో తరగతి. అప్పటికి సూర్యాపేట ఇంకా నల్గొండ జిల్లానే (2016 అక్టోబరులో కదా విడిపోయింది). పెన్‌పహాడ్ నుంచి బస్సెక్కి సూర్యాపేట బడికి పోయేవాణ్ణి. బడైపోయాక బావతో కలిసి నెట్ సెంటర్. గంటకి 15 రూపాయలు, ఇద్దరం కలిసి ఒకే కంప్యూటర్ ముందు. బావ వయసువాళ్ళకి ముస్తఫా అంటే ప్రాణం. నేను వచ్చేసరికి రాజ్యం టెక్కెన్ 3ది. అది 1998లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఆట. మా దగ్గర ప్లేస్టేషన్ ఎక్కడిది, కంప్యూటర్లో ఎమ్యులేటర్ వేసి ఆడేవాళ్ళం. కంట్రోలర్లు లేవు. ఇద్దరికీ కలిపి ఒకే కీబోర్డు. కుడివైపు బావ, ఎడమవైపు నేను.

బావ ఆ సెంటర్‌కి రారాజు. ఎడ్డీని తీసుకుని చేతికొచ్చింది నొక్కేవాళ్ళని ఆయన మనుషుల్లో లెక్కేసేవాడు కాదు. జిన్‌తో పది దెబ్బల వరస కొడుతుంటే పక్క కుర్చీలవాళ్ళు లేచి వచ్చి చూసేవారు. నేను మాత్రం మూడో దెబ్బ దగ్గరే ఆగిపోయేవాణ్ణి. నొక్కానే! నొక్కినట్టు నా వేలికి తెలుసు. తెర మీద రాదు. "నీ చెయ్యి లేటురా, నీతోని కాదు" అనేవాడు బావ. ఎగతాళిగా కాదు, డాక్టరు చెప్పినట్టు చెప్పేవాడు. నేనూ నమ్మాను. నమ్మకం ఆటతో ఆగిందా అంటే, లేదు. డ్రాయింగ్ క్లాసులో గీత వంకర పోతే 'నా చెయ్యే అంత', టైపింగ్‌లో తప్పులొస్తే 'నా చెయ్యే అంత'. ఎవరితోనూ అనేవాణ్ణి కాదు గానీ, లోపల అదొక సర్టిఫికెట్‌లా ఉండిపోయింది.

ఎనిమిదేళ్ళ తర్వాత తెలిసింది అసలు సంగతి. కోదాడలో ఇంజనీరింగ్ మూడో ఏడు, మైక్రోప్రాసెసర్ ల్యాబు. కీప్యాడ్‌ని చిప్పుకి తగిలించి ఏ మీట నొక్కారో కనుక్కునే ప్రయోగం. మీటలన్నిటికీ విడివిడిగా తీగలుండవు. అడ్డ వరసలు, నిలువు వరసలు ఉంటాయి. ఏ అడ్డం ఏ నిలువుతో కలిసిందో చూసి చిప్పు మీటని గుర్తిస్తుంది. చిక్కెక్కడంటే, ఒక దీర్ఘచతురస్రంలో మూడు మూలల మీటలు ఒకేసారి నొక్కితే నాలుగోది కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. ఆ దెయ్యం మీట రాకుండా ఉండాలని చవక కీబోర్డులు ఆ మూడో మీటనే పట్టించుకోవు. నొక్కినా నొక్కనట్టే!

ల్యాబులో అలా నిలబడిపోయాను. బావ గార్డు కోసం ఎప్పుడూ రెండు మీటలు అదిమి పట్టుకునేవాడు. నా పంచ్ మీట ఆ మూడో మూల. నా చెయ్యి లేటు కాదు, నా దెబ్బ అసలు కంప్యూటర్‌కి చేరనే లేదు. పాపం బావకీ తెలీదు, ఆయన మోసం చెయ్యలేదు. కానీ ఆ కీబోర్డు ఎనిమిదేళ్ళ పాటు నా మీద తీర్పు చెప్పింది, నేను నోర్మూసుకుని ఒప్పుకున్నాను. నా అభిప్రాయానికి వేరు అక్కడుంది.

ఇప్పుడు అసలు వాదన. 'టైమింగ్ కఠినంగా ఉంటేనే ఆట, సులువు చేస్తే నైపుణ్యానికి విలువేముంది?' ఇది బావ ఒక్కడి మాట కాదు. నా ఆఫీసులో ఆడేవాళ్ళు కూడా ఇదే అంటారు. నా ప్రశ్న ఒక్కటే: ఒక్క ఫ్రేము సందు పెట్టి మీరు కొలుస్తున్నది దేన్ని? మనిషినా, సామాన్నా?

లెక్క చూడండి. సందు 16.7 మిల్లీసెకన్లు. మామూలు యూఎస్‌బీ కీబోర్డుని కంప్యూటర్ సాధారణంగా 8 మిల్లీసెకన్లకోసారి పలకరిస్తుంది. సగం సందు అక్కడే ఊగుతోంది. మన ఇళ్ళలో స్మార్ట్ టీవీ బొమ్మని అందంగా చేద్దామని కొన్ని ఫ్రేములు దాచుకుని చూపిస్తుంది (సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకోకపోతే). ఇక ఆన్‌లైన్ సంగతి చెప్పక్కర్లేదు. పాత పద్ధతిలో అవతలివాడి బటన్ వచ్చేదాకా మన బటన్నీ ఆపి ఉంచేవారు. నెట్ ఊగినప్పుడల్లా ఆ ఆలస్యం మారుతుంది. ఆలస్యం స్థిరంగా ఉంటే చెయ్యి అలవాటు పడుతుంది. పూటకో రకంగా మారితే ఒక్క ఫ్రేము సందు లాటరీయే. 2006లో టోనీ క్యానన్ జీజీపీఓ అని రోల్‌బ్యాక్ పద్ధతి తెచ్చాడు. మన బటన్‌ని వెంటనే తీసుకుని, అవతలివాడిది ఊహించి, ఊహ తప్పితే వెనక్కెళ్ళి సరిదిద్దుతుంది. అతను అది ఎందుకు చేశాడంటారు? నేర్చుకున్న టైమింగ్ నెట్ మీద కూడా పనికిరావాలనే కదా. అంటే కఠినమైన టైమింగ్‌ని ప్రేమించినవాళ్ళే సామాను చేసే అన్యాయాన్ని ముందు గుర్తించారు.

ఇంకో సాక్ష్యం. 2015లో హాస్టల్లో మిర్యాలగూడ ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 ఆడేవాళ్ళం. స్ట్రీట్ ఫైటర్ 4లో ఒక్క ఫ్రేము లింకులు బోలెడు. వాటిని అందుకోడానికి ఆటగాళ్ళు కనిపెట్టిన ఉపాయమే ప్లింకింగ్. గట్టి బటన్ నొక్కి, సరిగ్గా ఒక ఫ్రేము తర్వాత దానికన్నా మెత్తటి బటన్ నొక్కాలి. రెండు వేళ్ళని బల్ల మీద 'తక' అని కొంచెం ముందూ వెనకా వేసినట్టు. ఆట దాన్ని ముందు గట్టిది, వెంటనే గట్టిది-మెత్తది కలిపి అని చదువుకుంటుంది. అంటే గట్టి బటన్ వరసగా రెండు ఫ్రేముల్లో పడినట్టు లెక్క. ఒక్క ఫ్రేము సందు కాస్తా రెండయింది! ఇదికాక డబుల్ ట్యాప్: ఒకే బటన్‌ని రెండు వేళ్ళతో గబగబా రెండుసార్లు నొక్కడం, ఏదో ఒకటి తగలకపోతుందా అని.

దీనర్థమేంటి? కఠినమైన టైమింగ్‌ని నెత్తిన పెట్టుకున్న ఆటగాళ్ళే దాన్ని సడలించుకునే దారి వెతుక్కున్నారు. ఆట ఇవ్వని బఫర్‌ని వేళ్ళతో కట్టుకున్నారు. 2016లో స్ట్రీట్ ఫైటర్ 5 చేసిందల్లా ఆ బఫర్‌ని ప్రోగ్రాములోకే తేవడం. కొన్ని ఫ్రేములు ముందుగా నొక్కినా గుర్తుపెట్టుకుని, వీలైన మొదటి ఫ్రేములో దెబ్బ బయటికి తెస్తుంది. అదే మోసమైతే ప్లింకింగూ మోసమే. ప్లింకింగ్ విద్య అయితే బఫర్ అందరికీ పంచిన విద్య.

అలాగని ఎంత సడలిస్తే అంత మంచిదని కాదు. ఇంజనీర్‌గా నాకు తెలిసినదాని ప్రకారం, ప్రతి బఫర్‌కీ ఖరీదుంటుంది. మరీ పెద్దదైతే, కంగారులో నొక్కిన బటన్లన్నీ గుర్తుపెట్టుకుని, మనం మనసు మార్చుకున్నాక కూడా ఆ దెబ్బ కొట్టేస్తుంది. ఊరికే టపటపా కొట్టేవాడికి దారి తెరుస్తుంది. మోడర్న్‌లో కూడా ఒక్క బటన్‌తో వచ్చే ప్రత్యేక దెబ్బలకి బలం 20 శాతం తగ్గించారు. ఊరికే ఇవ్వలేదు, ధర కట్టి ఇచ్చారు. నాకది నచ్చింది.

మరి కఠినమైనవి అసలుండొద్దా? ఉండాలి, కానీ గుమ్మంలో కాదు, పై అంతస్తులో. టెక్కెన్‌లో మిషిమా కుటుంబం వాళ్ళకి ఎలక్ట్రిక్ అని ఒక దెబ్బ ఉంది. ముందుకి నొక్కి, వదిలి, కిందకి, అక్కణ్ణుంచి కింద-ముందు మూలకి. ఆ మూలా పంచ్ బటనూ ఒకే ఫ్రేములో పడాలి. తప్పితే మామూలు దెబ్బ వస్తుంది, ఆట ఆగిపోదు. పడితే మెరుపు మెరుస్తుంది, ఎదుటివాడు అడ్డుకున్నా మనదే పైచెయ్యి. రాకపోయినా ఆడొచ్చు, వస్తే పండగ. కఠినత్వం అలా ఉండాలని నా అభిప్రాయం. అంతేగానీ మామూలు కాంబోకే ఒక్క ఫ్రేము గుమ్మం పెడితే, లోపల అసలు ఆటేముందో కూడా చూడకుండానే నాలాంటివాళ్ళు వెనక్కి పోతారు.

ఎందుకంటే అసలు ఆట వేళ్ళలో లేదు. మొదటి దెబ్బ తగిలిందా, అడ్డుకున్నాడా అని చూసి మిగతాది కొట్టాలా ఆపాలా తేల్చుకోవడం, అవతలివాడి అలవాటు పసిగట్టడం, దూరం చూసుకోవడం - ఇవి ఏ బఫరూ చేసిపెట్టదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల ఆటగా ఉంది. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ వెళ్ళారు. స్వర్ణం ఎవరికొచ్చిందో తెలుసా? దక్షిణ కొరియాకి చెందిన కిమ్ గ్వాన్-వూకి. వయసు 44! బఫర్ ఉన్న ఆట, ఎవరైనా లింక్ కొట్టగల ఆట. అయినా కుర్రాళ్ళు ఆయన్ని ఆపలేకపోయారు. సులువు చేస్తే నైపుణ్యం పోతుందన్న మాట నిజమే అయితే అలా జరక్కూడదు కదా.

నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నా అనుభవంలోంచి నాలుగు ముక్కలు:

1. వేగంగా నొక్కకండి. నూటికి తొంభైసార్లు తప్పు ఆలస్యం వల్ల కాదు, తొందర వల్ల. చిర్ర పైకి లేవనివ్వండి.

2. కళ్ళతో కాదు, చెవితో నేర్చుకోండి. ప్రతి కాంబోకీ ఒక దరువుంటుంది. డప్పు దరువు నోటితో అనుకున్నట్టు అనుకోండి, వేళ్ళు దాని వెంట వస్తాయి.

3. పది దెబ్బల్నీ ఒకేసారి కాదు. ఎక్కడ తెగుతోందో ఆ రెండు దెబ్బల అతుకునే సాధన చెయ్యండి. మిగతా ఎనిమిదీ మీకు వచ్చినవే.

4. అన్నిటికన్నా ముఖ్యం, 'నాతో కాదు' అనుకునే ముందు సామాను పరీక్షించండి. ప్రాక్టీస్ మోడ్‌లో నొక్కిన బటన్లు తెర మీద చూపించే సదుపాయం ఉంటుంది. మీ దెబ్బ అసలు ఆటకి చేరుతోందా లేదా చూసుకోండి. నాకీ మాట 2009లో ఎవరైనా చెప్పుంటే!

ఇంతకీ దసరా రోజు యుద్ధం ఏమైందంటారా? ఒక సంగతి చెప్పలేదు మీకు. రెండేళ్ళ కింద బావ బండి మీంచి పడ్డాడు. కుడిచేతి బొటనవేలు విరిగింది, అతికింది గానీ ఇప్పటికీ పూర్తిగా వంగదు. నేను కంట్రోలర్ తెచ్చిన ప్రతిసారీ ఆయన "మీరాడుండ్రి, నేను చూస్త" అనేవాడు. పిల్ల ముందు ఓడిపోవడం ఇష్టం లేదేమో అనుకునేవాణ్ణి. ఆ రోజు వాదన ముదిరి, "సరే బావా, టైమింగ్ లేని ఆటే కదా, ఒక్కసారి ఓడించి చూపించు" అన్నాను. రోషమొచ్చి తీసుకున్నాడు. మోడర్న్ పెట్టి ఇచ్చాను.

మొదటి రెండు ఆటలూ నేను గెలిచాను. మూడోదాంట్లో ఆయన గమనించాడు: నేను కంగారు పడ్డప్పుడల్లా ఎగురుతానని. పదిహేనేళ్ళ నాటి అలవాటు, నాకే తెలీదు! ఎగిరిన ప్రతిసారీ పట్టుకుని కిందకి దించాడు. ఆ తర్వాత వరసగా నాలుగు ఆటలు ఓడిపోయాను. పక్కనుంచి మా కోడలు, "మామా, నువ్వు ఊకె ఎందుకు ఎగురుతున్నవ్?" అని అడిగింది. వంగని ఆ వేలితోనే ఆడాడు మరి. బావ రారాజు అయ్యింది వేళ్ళ వల్ల కాదని ఆ రోజు నాకర్థమైంది. ఆయనకీ అర్థమైందనుకుంటా. కంట్రోలర్ కింద పెడుతూ, "మంచిగనే ఉన్నది గని, నీ చెయ్యి ఇప్పటికీ లేటేరా" అన్నాడు.

ఈసారి కీబోర్డు వంక చెప్పడానికి లేదు :) సంక్రాంతికి మళ్ళీ వెళ్తున్నా. అదండీ సంగతి. టైమింగ్ కఠినంగానే ఉండాలనేవాళ్ళు మీలో ఉంటే మీ వాదనేంటో చెప్పండి, వింటాను. కాకపోతే చెప్పేముందు మీరు ఏ కీబోర్డు మీద, ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నారో అది కూడా చెప్పండి.